చప్పుడు లేని ఆటలు

కొత్త మ్యాక్ కంప్యూటర్‌లో మా అమ్మాయికి ఆటలు ఏరిపెట్టిన రోజుల్లో నా దగ్గర ఒకే ఒక్క కొలత ఉండేది. ఆ ఆట ఆడుతూ పిల్ల అరవకూడదు. గెలిచినా అరవకూడదు, ఓడినా అరవకూడదు. నవ్వొస్తే అది పెదవుల దగ్గరే ఆగిపోయే నవ్వై ఉండాలి. ఈ కొలతతో ఏడాదికి పైగా ఆటలు ఏరాను. ఏరడంలో ఎక్కడా అజాగ్రత్తగా లేను. ఇప్పుడు మా అమ్మాయికి ఆరేళ్లు దాటాయి. దాని గొంతు ఎలా ఉంటుందో పక్కింటివాళ్లకు కూడా సరిగ్గా తెలియదు.

పిల్ల మూగది కాదు. చెవులు బాగున్నాయి, నాలుక బాగుంది, తెలివి నాకన్నా ఎక్కువే. గట్టిగా మాట్లాడదు, అంతే. ఇది ఎక్కడ మొదలైందో, ఎవరి వల్ల మొదలైందో ఒకసారి సరిగ్గా రాసుకోవాలనిపించింది. మా ఆయన రాత్రి పాళికి, అంటే షిఫ్టుకు వెళ్లాడు, పిల్ల పడుకుంది. ఏ మెషిన్‌లో ఆ ఆటలు పెట్టానో అదే మెషిన్ మీద రాస్తున్నాను.

మేముండేది సూరత్‌లో, బమ్రోలిలో. ఒక గది, ఒక వంటిల్లు. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్టర్. మాస్టర్ అంటే ఇక్కడ పంతులు కాదు, ఆగిన మగ్గాన్ని బాగుచేసి మళ్లీ నడిపించే మనిషి. పన్నెండు గంటల పాళి. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నేను ఊళ్లో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. వచ్చిన కొత్తలో మా అత్తమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం వంట గురించి కాదు.

"రాత్ పాళి జేసొచ్చిన మొగోడు పండుకున్నంక గిన్నె సప్పుడు గూడ గావద్దు బిడ్డా. నిద్ర సాలకుంటే చెయ్యి మగ్గంల వడ్తది."

మా గల్లీలో అందరూ పాటించే పద్ధతి అది. మగవాడి చెప్పులు గడప మీద, బయటికి ముఖం చేసి పెట్టి ఉన్నాయంటే లోపల రాత్రి పాళి మనిషి నిద్రపోతున్నాడని గుర్తు. కూరగాయల బండివాడు కూడా ఆ చెప్పులు చూసి అరుపు తగ్గించి దాటిపోతాడు. పిల్లలున్న ఇళ్లలో ఆ వారం అంతా దెబ్బలే. ఒకరికి జ్వరమొస్తే మూలిగినా నోటి మీద చెయ్యి పడేది. నాకది చూస్తే ఒళ్లు మండేది. నా పిల్లను మాత్రం ఇలా పెంచనని అప్పట్లోనే అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. జనం మూటలు కట్టుకుని ఊళ్లకు వెళ్లారు. మా అత్తమ్మ కూడా వెళ్లి, ఊళ్లో పెద్దకొడుకు దగ్గరే ఉండిపోయింది. మేం ముగ్గురం మిగిలాం. కార్ఖానాలు మళ్లీ తెరిచేసరికి వెళ్లినవాళ్లలో సగం మంది రాలేదు. మా ఆయనతో వారాలు మార్చుకునే రెండో మాస్టర్ కూడా రాలేదు. పగటి పాళి కార్ఖానా సేఠ్ దగ్గరి చుట్టం చూసుకుంటాడని చెప్పి, మా ఆయన్ను పూర్తిగా రాత్రికి వేశారు. వారం తప్పించి వారం ఉండే నిశ్శబ్దం మా ఇంట్లో రోజూ అయింది. బళ్లు మూసేశారు కాబట్టి నాలుగేళ్ల పిల్ల రోజంతా ఇంట్లోనే. బయటికి పంపుదామంటే కరోనా భయం.

మగ్గాలు తిరిగి మొదలైన మొదటి వారంలోనే అది జరిగింది. పొద్దున పదకొండు అవుతోంది. పిల్ల స్టీలు పళ్లెం బోర్లించి గరిటెతో కొడుతూ పాట పాడుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. ఆయన ఒక్కసారిగా లేచి కూర్చున్నాడు.

"ఒర్రకే పొల్లా! మనిషిని పండనియ్యవా?"

మగ్గాల మధ్య మాట్లాడే గొంతు అది. గోడలు దాటిపోతుంది. పిల్ల గరిటె పట్టుకునే నిలబడిపోయింది. దాని కాళ్ల మధ్య నుంచి నేల తడిసింది. ఆయన మళ్లీ పడుకుని అటు తిరిగాడు. నేను గుడ్డ తెచ్చి తుడిచాను. చప్పుడు కాకుండా తుడిచాను.

ఆ ఒక్కసారే. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అరవలేదు. అరిచే అవసరం నేను రానివ్వలేదు.

పిల్ల పుట్టకముందు నేను టెక్స్‌టైల్ మార్కెట్‌లో ఒక చీరల సేఠ్ ఆఫీసులో పనిచేశాను. కరోనా వచ్చాక వ్యాపారమంతా ఫోన్‌లో అయిపోయింది. సేఠ్ కొడుకు నన్ను మళ్లీ పిలిచాడు. చీరల ఫొటోలు ఇంటికి పంపిస్తే, రంగులు సరిచేసి, తెలుగులో నాలుగు ముక్కలు రాసి తిరిగి పంపాలి. మెంతిరంగు చీర ఫొటోలో పసుపుగా కనిపిస్తే కొన్నవాళ్లు తిప్పి పంపేస్తారు. అందుకని దీపావళి తర్వాత అతను కొత్త మ్యాక్‌లు తెప్పించి, ఒకటి నాకిచ్చాడు. మాస్కు వేసుకుని కార్ఖానా గేటు దగ్గరికే వచ్చి మా ఆయన చేతికి డబ్బా అందించాడు. తర్వాత ఫోన్ చేశాడు.

"ఇస్మే రంగ్ సహీ దిఖేగా బెన్. ఔర్ గేమ్స్ భీ డాల్ లేనా, బచ్చీ ఖుష్ రహేగీ."

దీంట్లో రంగు సరిగ్గా కనిపిస్తుందమ్మా, ఆటలు కూడా వేసుకో, పిల్ల సంతోషంగా ఉంటుందని. మంచి మనసుతో అన్న మాటే.

డబ్బా తెరిచింది మధ్యాహ్నం. ఆయన నిద్రలో ఉన్నాడు. మూత ఎత్తగానే మెషిన్ గుడిగంట కొట్టినట్టు ఒక్క మోత మోగింది. నేను దాని మీద పడి రెండు చేతులతో కప్పేశాను. ఆయన కదిలి, మళ్లీ సర్దుకున్నాడు. పిల్ల నా మొహం వంక చూస్తూ తన నోరు తనే మూసుకుంది. ఆ రోజు నేను మొదట నేర్చుకున్నది ఆ మోత రాకుండా చేయడం. తర్వాత వేలితో నొక్కే చోట టిక్కుమనకుండా చేయడం. ఇంట్లోకి వచ్చిన రోజే దాని నోరు నొక్కి, అప్పుడు దాన్ని పిల్లకు పరిచయం చేశాను.

నాకు పని సాయంత్రం ఆయన వెళ్లాక మొదలయ్యేది. కాబట్టి పగలంతా మెషిన్ ఖాళీ. ఆ పగటిని ఎలా గడపాలన్నదే నా బాధ. పక్కింటి అక్క వాళ్లాయన కూడా రాత్రి పాళే. ఆమెకు ఇద్దరు పిల్లలు. ఆమె నాకు తలుపు సందులోంచి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

"దీంట్ల నూరు ఆటలున్నయ్ చెల్లె. కార్లు, క్రికెట్టు, కొట్లాట, అన్నీ. మా ఇంట్ల పాత కంప్యూటర్ల ఇవే నడుస్తయ్."

పెన్‌డ్రైవ్ పెట్టడానికి మ్యాక్‌లో కన్నమే లేదు. అది పెట్టుకునే చిన్న ముక్క ఒకటి తెప్పించాను. పెట్టాక నూరు ఆటల పేర్లూ కనిపించాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. అవన్నీ వేరే రకం కంప్యూటర్‌కి చేసినవట.

"గంత ఖరీదు పెట్టిన మెషినంట, కారాట గూడ రాదా?" అని ఆమె నవ్వింది. నాకు మాత్రం లోలోపల హాయిగా అనిపించింది. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ అరుపుల ఆటలే. ఇక ఈ మెషిన్‌కి దొరికేవి తక్కువ, ఆ తక్కువలోంచి నేను ఎంచుకోవచ్చు.

మార్కెట్‌లో చీర కట్ట కట్టే ముందు పొడవాటి బల్ల మీద పరిచి, దీపం కింద జానెడు జానెడుగా చూస్తారు. దారం తెగిన చోటు, నూనె మరక, రంగు తేడా. నేను ఆటలను అలా చూశాను. మెషిన్‌లోనే ఉన్న యాప్ స్టోర్ అనే దుకాణంలోంచి ఒకటి దింపుకుని, రాత్రి పని అయ్యాక ముందు నేనే ఆడేదాన్ని. మనసులో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చూసేదాన్ని. ఇక్కడ దీనికి భయమేస్తుందా? ఇక్కడ "అమ్మా చూడు!" అంటుందా? అంటుందనిపిస్తే ఆ ఆట తీసేసేదాన్ని.

క్రికెట్ మొదటి రోజే పోయింది. కారు పందెం పోయింది, దాంట్లో మలుపు వచ్చిన ప్రతిసారీ నేనే "అయ్యో" అన్నాను. బుడగలు పగలగొట్టేది బాగుంటుందనుకున్నాను, కానీ చివరి బుడగ పగలగానే తెర నిండా చక్కెర బిళ్లలు రాలుతాయి. నాలుగేళ్ల పిల్ల దాన్ని చూసి ఊరుకోదు. హోటల్ ఆటలో వచ్చినవాళ్లకు దోసెలూ పళ్లరసాలూ ఇవ్వాలి, ఆలస్యమైతే వాళ్లు కోపంగా కాలు నేలకేసి కొడతారు. పిల్ల వాళ్లతో వాదన పెట్టుకుంటుంది. ఇంకో ఆట ఉంది. అందులో ఒక చిలుక, మనం ఏమంటే అది తిరిగి అంటుంది. మెషిన్ ముందు కూర్చుని నేను "ఏం చిలకమ్మా" అంటే, అది ముక్కుతో "ఏం చిలకమ్మా" అంది. నాకే నవ్వాగలేదు. పిల్ల చేతికిస్తే రోజంతా దాంతోనే మాట్లాడుతుందని తెలిసిపోయింది. ఆ కారణంగానే దాన్ని తీసేశాను.

ఆ రోజు ఎంత తొందరగా తీసేశానో నాకింకా గుర్తుంది.

చివరికి మూడు మిగిలాయి. బొమ్మ ముక్కలు జోడించేది ఒకటి. తోటలో విత్తనం నాటి, నీళ్లు పోసి, మొలిచేదాకా చూసేది ఒకటి. చీకటి ఏట్లో చిన్న పడవను నడుపుతూ గట్టున ఉన్న దీపాలు ఒక్కొక్కటే వెలిగించుకుంటూ పోయేది ఇంకొకటి. మూడింట్లోనూ ఓటమి లేదు, పోటీ లేదు, తొందర లేదు. మనుషులు లేరు. ఎవరూ ఏమీ అడగరు. అవి దొరికినప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందంటే, మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

మొదట్లో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాను. దాంతో ఇంకో చిక్కొచ్చింది. చెవులు మూసుకుపోతే పిల్లకు తన గొంతు తనకు వినపడదు, మామూలుగా మాట్లాడాలనుకున్న మాట కేకలా వచ్చేది. "అమ్మా, మొలిచింది!" అని అది ఒకసారి అరిస్తే నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నోరు మూశాను. కొట్టలేదు. నేను ఎప్పుడూ కొట్టలేదు. మూశాను, అంతే. తర్వాత హెడ్‌ఫోన్ తీసేసి, శబ్దం పూర్తిగా తగ్గించి ఇచ్చాను. ఏరు మోగకుండా పారింది. వాన చినుకు చప్పుడు లేకుండా పడింది.

మాట్లాడకపోతే మరి ఎలా చెప్పుకోవాలి? దానికి వాళ్ల నాన్నే దారి చూపించాడు. కార్ఖానాలో మగ్గాలు నడుస్తుంటే పక్క మనిషి మాట వినపడదు. అక్కడందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చూపుడు వేలు గాలిలో గిర్రున తిప్పితే దారం తెగిందని. పిడికిలి బిగిస్తే మగ్గం ఆపమని. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లని. సాయంత్రాలు పాళికి వెళ్లేముందు ఆయన ఆటగా ఇవన్నీ పిల్లకు నేర్పాడు. అది వారంలో నేర్చేసుకుంది. పడవ ఇరుక్కుపోతే నా వైపు తిరిగి వేలు గిర్రున తిప్పేది. ఆకలేస్తే పొట్ట మీద రెండు తట్లు తట్టేది. నేను గుమ్మంలోంచి పిడికిలి చూపిస్తే ఆట ఆపి వచ్చేది. మాకది ముద్దుగా ఉండేది. ఆయన కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాడు, "నా బిడ్డ పుట్టు మాస్టర్ రా" అని.

ఆన్‌లైన్ క్లాసు మొదలైంది. ముప్పై మంది పిల్లలు, చిన్న చిన్న గళ్లలో. టీచర్ మొదట చెప్పిన మాట, "సబ్ బచ్చే మ్యూట్ కరో." మా పిల్ల అందరికన్నా ముందు మైకు మూసేసింది. టీచర్ మెచ్చుకుంది.

పక్కింట్లో పిల్లలకు దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఆ అక్క ఒకరోజు మా గుమ్మం దగ్గర నిలబడి, బొమ్మ ముక్కలు జోడిస్తున్న మా అమ్మాయిని చాలాసేపు చూసింది.

"ఏం పెట్టి పెంచుతున్నవ్ చెల్లె? పిల్లున్న ఇల్లు లెక్కనే లేదు."

పొగడ్తగానే అంది. నేను పొగడ్తగానే తీసుకున్నాను. పిల్లున్న ఇల్లులాగే లేదు అన్న మాటలో ఏముందో ఆ పూట నాకు తట్టలేదు.

రెండో వేవ్ వచ్చింది. గల్లీలో ఎవరింట్లో దగ్గు వినిపించినా తలుపులు మూసుకున్నాం. నేను పిల్ల నుదురు రోజుకు ఇరవైసార్లు తాకి చూసేదాన్ని. దగ్గుతుందేమో, ముక్కు కారుతుందేమో, వాసన తెలుస్తోందో లేదో. ఇన్ని పట్టించుకున్నాను. ఆ నెలల్లో ఒక సాయంత్రం ఆయన పళ్లెం ముందు కూర్చుని అన్నాడు,

"పిల్ల ఏంది గిట్ల మెల్లగ మాట్లాడ్తది? నాకు ఇనవడ్తనే లేదు."

"మీ చెవులు జర చూపిచ్చుకోండ్రి," అన్నాను. "మగ్గాలల్ల అందరివీ గట్లనే అయితయ్."

ఆయన నిజంగానే చూపించుకోవడానికి వెళ్లాడు. ఒక చెవి కొంచెం మందగించిందని చెప్పారు. దాంతో అందరికీ కారణం దొరికిపోయింది. మా అత్తమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి "పొల్ల మాట ఇనవడ్తలేదు" అంటే సిగ్నల్ లేదన్నాం. మా అమ్మ కూడా అదే మాట అంటే, పిల్లకు సిగ్గన్నాం.

బళ్లు మళ్లీ తెరిచాక ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకెళ్లాను. జుట్టు దువ్వి, రెండు రిబ్బన్లు కట్టాను. బల్ల అవతల టీచర్, ఇవతల మా అమ్మాయి. టీచర్ మాస్కు కిందికి లాగి నవ్వుతూ పేరు అడిగింది. పిల్ల పెదవులు కదిలాయి. టీచర్ ముందుకు వంగింది. మళ్లీ అడిగింది. మళ్లీ పెదవులు కదిలాయి. బయట మైదానంలో పిల్లలు ఆడుకుంటున్నారు, ఆ గోలలో దాని మాట నాకే వినపడలేదు. మూడోసారి అడిగేసరికి పిల్ల గొంతు ఎండిపోయింది కాబోలు, టీచర్ వంక చూస్తూ బొటనవేలు పెదవికి ఆనించింది.

టీచర్‌కు అర్థం కాలేదు. నా వైపు తిరిగి గొంతు తగ్గించి అడిగింది,

"మమ్మీ, యే సున్ సక్తీ హై నా?"

దీనికి వినపడుతుందా అని. వినపడుతుందన్నాను. మాట్లాడుతుందా అంది. మాట్లాడుతుందన్నాను. ఇంట్లో ఏం చేస్తుంది, ఎవరితో ఆడుతుంది అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో ఆడుతుంది మేడం, అన్నీ నేనే చూసి పెట్టాను, కొట్లాటలు లేనివి, చెడ్డవి కానివి. బొమ్మలు జోడిస్తుంది. తోట పెంచుతుంది. పడవ నడుపుతుంది.

"దాంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు," అన్నాను.

నా మాట నా చెవిన పడింది. టీచర్ కాగితం మీద ఏదో రాసుకుని, ఈ ఏడాది కింది తరగతిలోనే కూర్చోబెడదాం, పిల్లల్లో కలిస్తే సర్దుకుంటుందేమో చూద్దాం అంది. ఈలోగా ఇంట్లో మాట్లాడించమంది. పాడించమంది. "షోర్ మచానే దో," అంది. గోల చేయనివ్వండి అని.

ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ చెప్పలేదు. ఆ రెండు రాత్రులు మళ్లీ ఆటలు ఏరాను, ఈసారి తిరగేసి. ఎందులో ఎక్కువ అరుపులున్నాయి, ఎందులో ఇద్దరు కలిసి ఆడొచ్చు, ఎందులో గెలిస్తే డప్పులు మోగుతాయి. చిలుకను వెతికి మళ్లీ దింపుకున్నాను. ఒకే కీబోర్డు మీద ఇద్దరు పోటీపడి బంతి తన్నుకునే ఆట ఒకటి దొరికింది. పాట పాడితే మైకులో విని, ఎంత గట్టిగా పాడితే అంత ఎత్తుకు గాలిపటం ఎగిరే ఆట ఒకటి. ఏడాది కింద వీటిలో ఏ ఒక్కటి కంటపడినా భయంతో మూసేసేదాన్ని.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన నిద్రలో ఉండగానే పెట్టాను. శబ్దం పూర్తిగా పెంచాను. గాలిపటం తెర అడుగున పడుంది. పిల్లతో "పాడు" అన్నాను. అది నన్ను చూసి, వాళ్ల నాన్నను చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ఏం గాదు, పాడు బిడ్డా."

అది తల అడ్డంగా ఊపింది. చెయ్యి చాపి శబ్దం తగ్గించింది. నేను పెంచాను. అది తగ్గించింది. నేను దాని చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టి, మళ్లీ పెంచి, "గట్టిగ! గట్టిగ పాడు! నోరు లేదా నీకు?" అని అరిచాను. నేనే అరిచాను. గాలిపటం నా గొంతుకు జుయ్యిమని తెర పైదాకా లేచిపోయింది. డప్పులు మోగాయి. పిల్ల గోడకు ఆనుకుని ఏడ్చింది, అదీ చప్పుడు లేకుండానే.

ఆయన లేచి కూర్చున్నాడు.

"ఏమైందే? నువ్వెందుకు ఒర్రుతున్నవ్?"

"మీ నిద్ర కోసం పిల్ల నోరు కుట్టేసిన నేను," అన్నాను. బడిలో జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆయన వింటున్నాడు, మంచి చెవి నా వైపు తిప్పి.

"నేనన్ననా సప్పుడు జెయ్యద్దని?" అన్నాడు చివరికి.

"అనలే? గా దినం పళ్లెం కొడుతుంటే ఒర్రలే మీరు? పిల్ల పోసుకోలే?"

"ఏ పళ్లెం?"

ఆయనకు గుర్తులేదు. నేను నేల మీద తుడిచిన చోటు చూపించాను. నాకు ఆ చోటు ఇప్పటికీ తెలుసు. ఆయన ఆ నేలను, నన్ను మార్చి మార్చి చూశాడు.

"నాకు సప్పుడుకు మెలకువొస్తదానే? మగ్గాల నడుమ డబ్బా మీద కూసోని కునుకు తీస్త నేను. మగ్గం ఆగితె లేస్త, సప్పుడు బందైతె లేస్త. ఇంట్ల మీరు గిట్ల గమ్మునుంటే ఏడాది సంది నాకు సక్కగ నిద్రనే లేదు. ఏదో ఆగిపోయినట్టే ఉంటది."

"మరి చెప్పచ్చు కదా!"

"నువ్వు సదువుకున్నదానివి. ఏదో ఆలోచన జేసి పిల్లను గట్ల పెంచుతున్నవనుకున్న. మంచిదే గావచ్చు అనుకున్న."

నన్ను ఊరడించడానికి అన్నాడో, నిజంగానే అంతో నాకు తెలియదు. మర్నాడు పిల్లను నవ్వించాలని బంతి ఆట పెట్టి నేను కేకలు వేస్తుంటే, ఆయన దిండు తీసి చెవుల మీద వేసుకోవడం చూశాను. చూసి కూడా ఆట ఆపలేదు. మా ఇద్దరికీ ఒకరికొకరం చెప్పుకోకపోవడం బాగా అలవాటైంది.

ఆ తర్వాత నెలల తరబడి రకరకాల ఆటలు పెట్టాను. చిలుకతో పిల్ల మాట్లాడింది, నోరు మెషిన్‌కి ఆనించి. చిలుక కూడా దానితో గుసగుసగానే మాట్లాడింది. బంతి ఆటలో అది నన్ను రోజూ ఓడిస్తుంది. గోల్ కొట్టినప్పుడు రెండు చేతులూ పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి, నోరు బార్లా తెరుస్తుంది. అరిచే పిల్ల మొహం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. శబ్దం ఉండదు.

బడిలో మెల్లగా మారుతోందని టీచర్ అంటుంది. నేను నమ్మలేదు. నన్ను సంతోషపెట్టడానికి అంటోందనుకున్నాను. పోయిన వారం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడి ఉన్నాను. లోపల ఉయ్యాల దగ్గర పిల్లలు తోసుకుంటున్నారు. వాళ్లలోంచి ఒక గొంతు, కొంచెం బొంగురుగా, వాళ్ల నాన్నమ్మ గొంతు పోలికతో, "హట్ నా! మేరా నంబర్ హై!" అని అరిచింది. జరుగు, ఇది నా వంతు అని. ఎవరి పిల్లో అనుకున్నాను. ఆ గొంతు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. రిబ్బన్లు చూశాక తెలిసింది.

"బిడ్డా!" అని పిలిచాను.

అది వెనక్కి తిరిగింది. పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుని కిందికి లాగింది. నేను వంగాను. ఎండ మండిపోతోంది. ఆటోలు హారన్లు కొడుతున్నాయి, పక్కనే చెరుకురసం మెషిన్ తిరుగుతోంది. మా అమ్మాయి నా చెవికి నోరు ఆనించి, నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా, "అమ్మా, ఆకలైతుంది" అంది.

హిందీలో అరుస్తుంది. తెలుగు దానికి ఇంట్లో నిద్రపోతున్న మనిషి పక్కన మాట్లాడే భాష. నేను నేర్పిందే.